యంత్రం, మంత్రం, మగ్గం: ‘ఆర్కేనమ్’ ఆటకు ధర్మవరం ప్రాంతం నుంచి ఒక చారిత్రక పఠనం

ప్రస్తావన

తెలుగులో ‘యంత్రం’ అనే మాటకు రెండు ప్రధానార్థాలు ఉన్నాయి. రాగిరేకు మీద బీజాక్షరాలు గీసి ఇంటి గడపకో పిల్లవాడి మెడకో కట్టేది యంత్రం. ఆవిరితోనో విద్యుత్తుతోనో నడిచి సరుకు తయారుచేసేదీ యంత్రమే. మొదటిది మంత్రంతో జతగూడుతుంది, రెండవది కర్మాగారంతో జతగూడుతుంది. ఈ రెండర్థాలనూ తెలుగువారు శతాబ్దాలుగా ఒకే మాటలో, చాలాసార్లు ఒకే ఇంట్లో ఇముడ్చుకొని వాడుకుంటూ వచ్చారు.

2001 ఆగస్టులో అమెరికాలో వెలువడిన ‘ఆర్కేనమ్: ఆఫ్ స్టీమ్‌వర్క్స్ అండ్ మాజిక్ ఆబ్‌స్క్యురా’ అనే కంప్యూటర్ ఆట ఇందుకు విరుద్ధమైన ఊహ మీద నిర్మితమైంది. అందులో మంత్రమూ యంత్రమూ ఒకదాన్నొకటి సహించలేని శక్తులు. ఈ ఊహను హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతపు యంత్రచరిత్రతో పోల్చి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ మూడు ఊళ్ళనూ ఎన్నుకోవడానికి కారణం ఉంది. ఆవిరియుగ కల్పనాసాహిత్యానికి మూలమైన ఒక వస్తువు, అంటే చిల్లులు పొడిచిన అట్ట, ధర్మవరం మగ్గాలపై నిత్యజీవన సాధనంగా నిలిచింది. కల్పనలో చిత్రితమైన యుగాన్ని వాస్తవంలో బతికిన సమాజం ఆ కల్పనను ఎలా చదవగలదన్నది ఇక్కడి ప్రశ్న.

ఆట, దాని లోకం

1997లో వెలువడి పేరు పొందిన ‘ఫాలౌట్’ ఆట రూపకర్తలలో టిమ్ కేన్, లెనార్డ్ బోయార్‌స్కీ, జేసన్ ఆండర్సన్ అనే ముగ్గురు 1998లో ట్రోయికా గేమ్స్ అనే సంస్థను స్థాపించారు. ‘ఆర్కేనమ్’ ఆ సంస్థ తొలి కృతి. సియెరా సంస్థ దానిని ప్రచురించింది. ట్రోయికా 2005లో మూతపడింది, ఆట మాత్రం ఆదరణ కోల్పోలేదు. ఆటగాడు ఒక పాత్రను తానే కల్పించుకొని, ఆ పాత్రకు గుణగణాలూ విద్యలూ సమకూర్చి, కథను తన నిర్ణయాలతో నడిపించే ఆటలను పాత్రధారణ క్రీడలంటారు. ‘ఆర్కేనమ్’ ఆ కోవకు చెందింది.

అది స్టీమ్‌పంక్ అనే కల్పనారీతికి కూడా చెందుతుంది. పందొమ్మిదో శతాబ్దపు ఆవిరి యంత్రాలు, పళ్ళచక్రాలు, పొగగొట్టాలు ఊహాలోకానికి ఆధారాలుగా ఉండే రీతి ఇది. ఈ పేరును 1987లో అమెరికన్ రచయిత కె. డబ్ల్యు. జీటర్ ప్రయోగించాడు. విలియం గిబ్సన్, బ్రూస్ స్టెర్లింగ్ కలిసి 1990లో ప్రచురించిన ‘ది డిఫరెన్స్ ఇంజిన్’ నవల ఈ రీతికి ప్రాచుర్యం కల్పించింది. చార్లెస్ బాబేజ్ తలపెట్టిన గణనయంత్రాలు ఆయన కాలంలోనే విజయవంతమై ఉంటే ఇంగ్లండు ఏమై ఉండేదన్నది ఆ నవల ఊహ.

‘ఆర్కేనమ్’ లోకంలో పొట్టిజాతివారు, అడవులలో నివసించే ఎల్ఫులు, ఓర్కులు, మనుషులు కలిసి జీవిస్తారు. టారంట్ అనే పారిశ్రామిక నగరంలో రైళ్ళు నడుస్తాయి, కర్మాగారాలలో ఓర్కులు కూలికి పనిచేస్తారు. పాత మాంత్రిక రాజ్యాల వైభవం తరిగిపోతూ ఉంటుంది. ఆటగాడు మంత్రవిద్యకు చెందిన 16 శాఖలలోని 80 మంత్రాలలో కొన్నింటినో, యంత్రవిద్యకు చెందిన 8 శాఖలలో కొన్నింటినో అభ్యసించవచ్చు. రెండింటినీ ఒకే త్రాసు తూస్తుంది. ఒక కొన పూర్ణ మంత్రశక్తి, రెండో కొన పూర్ణ యంత్రశక్తి. ఒకవైపు మొగ్గినకొద్దీ రెండోవైపు బలం క్షీణిస్తుంది. యంత్రవిద్యలో ఆరితేరినవాడికి స్వస్థత కలిగించే మంత్రం సరిగా పనిచేయదు. ప్రబల మాంత్రికుణ్ని రైలు ఎక్కనివ్వరు, అతని సమీపంలో ఇంజను మొరాయిస్తుందని భయం. యంత్రం ప్రకృతినియమాలకు లోబడి నడుస్తుందనీ, మంత్రం ఆ నియమాలను వంచుతుందనీ, అందుకే రెండూ ఒకచోట నిలవలేవనీ ఆట సమర్థించుకుంటుంది.

ఈ త్రాసు ఆట నియమం మాత్రమే కాదు, ఒక చరిత్రదృష్టి కూడా. మంత్రం గతానికి చెందుతుంది, యంత్రం భవిష్యత్తుకు చెందుతుంది, రెండోది వచ్చినప్పుడు మొదటిది తొలగుతుంది అన్నది దాని సారాంశం. ఐరోపా పారిశ్రామిక చరిత్రను అలా చెప్పుకోవడం పరిపాటి. తెలుగు భాష సాక్ష్యం దీనికి భిన్నంగా ఉంది.

మాటల సాక్ష్యం

‘యంత్రం’ సంస్కృతంలో ‘యమ్’ ధాతువు నుంచి పుట్టింది. పట్టి ఉంచడం, అదుపు చేయడం ఆ ధాతువు అర్థం. ‘నియంత్రణ’లోనూ ఉన్నది అదే. గ్రహబాధను అదుపుచేసే రేఖాచిత్రమూ, నీటినో గాలినో అదుపుచేసే సాధనమూ ఒకే పేరుతో పిలువబడటానికి కారణం ఇదే. పదకొండో శతాబ్దికి చెందిన భోజుని ‘సమరాంగణ సూత్రధారం’లో యంత్రవిధానానికి ఒక అధ్యాయం ఉంది. దేవాలయాలూ భవనాలూ కట్టే శాస్త్రంలోనే కదిలే బొమ్మలకూ, గాలిలో ఎగిరే వాహనాలకూ చోటు దొరికింది. ద్రౌపదీ స్వయంవరంలోని మత్స్యయంత్రం తెలుగువారి నోట నేటికీ సామెతలా నిలిచి ఉంది.

అచ్చతెలుగులో యంత్రానికి ‘మర’ అన్న మాట ఉంది. పిండిమర, మరబొమ్మ, మరమగ్గం వంటి మాటలు దాని నుంచి వచ్చాయి. ‘కీలు’ మరొకటి. శరీరంలోని సంధి కీలు, తలుపుకు బిగించేది కీలు, ఆడించేవాడి చేతిలో ఆడేది కీలుబొమ్మ. జానపద కథలలోని కీలుగుర్రం మీట తిప్పగానే ఆకాశానికి ఎగురుతుంది. 1949 నాటి ‘కీలుగుర్రం’ చలనచిత్రం ఆ ఊహను తెరకెక్కించింది. కీలుగుర్రం యంత్రమా, మాయా అన్న ప్రశ్న తెలుగు శ్రోతకు పుట్టదు. మీట ఉంది కనుక యంత్రం, ఎగురుతుంది కనుక మాయ. ‘ఆర్కేనమ్’ నియమం ప్రకారం ఆ గుర్రం నిలవదు. తెలుగు కథలో అది సుఖంగా ఎగిరి గమ్యం చేరుతుంది.

రైలు వచ్చినప్పుడు సామాన్యులు దానిని పొగబండి అన్నారు, పండితులు ధూమశకటం అన్నారు. కొత్త వస్తువుకు పాత మాటలతోనే పేరు కుదిరింది.

హిందూపురం: రాయి, పొగబండి

హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని లేపాక్షి వీరభద్రాలయం విజయనగర ప్రభువు అచ్యుతదేవరాయల (1529–1542) కాలానికి చెందింది. పెనుకొండలో రాజ్యాధికారిగా ఉన్న విరూపణ్ణ, ఆయన సోదరుడు వీరణ్ణ దాని నిర్మాతలు. అక్కడి స్తంభాలలో ఒకటి నేలను పూర్తిగా తాకకుండా వేలాడుతున్నట్లు కనిపిస్తుంది. దాని కింది నుంచి వస్త్రాన్ని లాగి చూడటం యాత్రికులకు ఆచారం. ఆంగ్లేయ పాలనలో ఒక ఇంజనీరు దాని రహస్యం తేల్చాలని స్తంభాన్ని కదపబోయాడనీ, దానితో మిగతా స్తంభాలు కూడా కదలబోవడంతో ప్రయత్నం మానుకున్నాడనీ స్థానికులు చెప్పుకుంటారు.

ఈ కథను చారిత్రక ఘటనగా కంటే ఒక సమాజపు భావనగా గ్రహించడం ఉచితం. పైకి చూస్తే ఇది మంత్రం ముందు యంత్రవిద్య ఓడిన కథ, ‘ఆర్కేనమ్’ త్రాసుకు సరిపోయే కథ. లోతుగా చూస్తే అలా లేదు. కథలో ఇంజనీరును ఓడించింది దైవశాపం కాదు, కప్పు బరువును స్తంభాలన్నింటికీ పంచిన శిల్పి లెక్క. ఒక ఇంజనీరు మరొక ఇంజనీరు పనిని గుర్తించలేకపోయాడని జనం చెప్పుకొన్నారు. ‘వేలాడే స్తంభం’ అన్న అద్భుతంలో స్థపతి గణితం దాగి ఉంది. ఆ గణితాన్ని అద్భుతమని పిలవడం వల్ల దాని కర్త మరుగున పడ్డాడన్నది గమనించవలసిన విషయం.

పొగబండి ఈ ప్రాంతానికి కరవు వెంట వచ్చింది. 1876–78 నాటి మహాక్షామం రాయలసీమను పీడించిన తరువాత, ధాన్యాన్ని వేగంగా చేర్చగల రైలుమార్గాలు కావాలన్న ఆలోచన బలపడింది. 1882లో బళ్ళారి నుంచి విడిపోయి అనంతపురం జిల్లా ఏర్పడింది. గుంతకల్లు నుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగుళూరు చేరే మీటరుగేజి మార్గం, ధర్మవరం నుంచి పాకాలకు వెళ్ళే మార్గం 1890ల తొలి సంవత్సరాలలో ఏర్పడ్డాయి. ధర్మవరం కూడలి అయింది. ఈ రైలు ఎక్కడానికి మాంత్రికుణ్ని ఎవరూ అడ్డగించలేదు. తిరుపతికి మొక్కుబడి తీర్చుకోవడానికి వెళ్ళే యాత్రికుడికి పాకాల మార్గం దారి చూపింది. ఆవిరి ఇంజను భక్తిని తగ్గించలేదు, తీర్థయాత్రను సుగమం చేసింది. అదే రైలు దూరప్రాంతపు మిల్లుబట్టను కూడా మోసుకొచ్చింది. యంత్రం తెచ్చిన అసలు ఘర్షణ ఆ బట్టలో ఉంది.

పెనుకొండ: ఆయుధపూజ

1565 నాటి యుద్ధంలో విజయనగరం ధ్వంసమైన తరువాత అరవీటి తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు తరలించాడు. గగనమహలు, కోటబురుజులు నాటి గుర్తులు. ఫిరంగుల కాలంలో ఆ కోట రాజధానిగా నిలిచింది. నవరాత్రులలో మహానవమినాడు ఆయుధాలను పూజించడం విజయనగర రాజులకు రాజకీయ ఉత్సవం కూడా. రాజ్యం పోయినా ఆ ఆచారం వృత్తులవారి ఇళ్ళలో మిగిలింది. కత్తికి బదులు కొడవలి, మగ్గం, కుట్టుమిషను, లారీ, కంప్యూటరు పూజలోకి వచ్చాయి.

పెనుకొండ మండలంలోని ఎర్రమంచి వద్ద కొరియాకు చెందిన కియా సంస్థ కార్ల కర్మాగారాన్ని నెలకొల్పింది. 2019లో అక్కడ ఉత్పత్తి మొదలైంది. మరచేతులు కారు భాగాలను అతికించే ఆ కర్మాగారం నుంచి బయటికి వచ్చిన కొత్త బండికి పసుపూ కుంకుమా పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచి తొక్కించడం యజమానికి సహజమైన పని. దిష్టి నిమ్మకాయ వల్ల ఇంజను ఆగదు, ఇంజను వల్ల నిమ్మకాయ శక్తి తగ్గదు. ‘ఆర్కేనమ్’ త్రాసు మీద ఈ దృశ్యానికి చోటు లేదు. దీనిని అవగాహనలేమిగా కొట్టివేయడం తొందరపాటు అవుతుంది. తన అదుపులో పూర్తిగా లేని సాధనంతో మనిషి ఏర్పరచుకొనే సంబంధానికి పూజ ఒక రూపం. ‘యంత్రం’ అన్న మాటలోని అదుపు అన్న మూలార్థం ఇక్కడ రెండు వైపులా పనిచేస్తుంది.

ధర్మవరం: చిల్లుల అట్ట

ఈ చర్చకు కేంద్రం ధర్మవరం. అక్కడి పట్టుచీర వెడల్పాటి అంచుకూ నిండు పైటకొంగుకూ ప్రసిద్ధం. భౌగోళిక గుర్తింపు పొందిన వస్త్రాలలో ధర్మవరం పట్టుచీరలూ పావడాలూ ఉన్నాయి. పట్టుగూళ్ళ వ్యాపారానికి హిందూపురం విపణి పేరుమోసింది. లేపాక్షి పైకప్పు చిత్రాలలోని స్త్రీపురుషుల వస్త్రాలపై కనిపించే తీగలు, హంసలు, గళ్ళు ధర్మవరం అంచులకు ప్రేరణ అని నేతవృత్తిలో ప్రసిద్ధి.

అంచు మీద ఒక హంస రావాలంటే, పేకపోగు వేసే ప్రతిసారీ పడుగులో ఏ పోగులు పైకి లేవాలో, ఏవి కిందనే ఉండాలో నిర్ణయం కావాలి. పాత పద్ధతిలో ఆ నిర్ణయం పోగులకు కట్టిన తాళ్ళ వరుసలో ఉండేది. నేసేవాడు పిలిచినప్పుడల్లా పక్కనున్న సహాయకుడు తాళ్ళను లాగేవాడు. ఫ్రాన్సులో బాసిల్ బూషాఁ 1725లో ఆ వరుసను చిల్లుల కాగితం మీదికి ఎక్కించాడు. వోకాన్సన్ మొదలైనవారు దానిని మెరుగుపరిచారు. 1804 ప్రాంతంలో జోసెఫ్ మారీ జకార్డు దానిని అట్టల గొలుసుగా స్థిరపరిచాడు. ఒక పేకపోగుకు ఒక అట్ట. అట్టకు చిల్లు ఉన్నచోట సూది లోపలికి దూరుతుంది, దానికి సంబంధించిన కొక్కెం పోగును పైకి లేపుతుంది. చిల్లు లేనిచోట సూది వెనక్కి తోయబడుతుంది, కొక్కెం తప్పుకుంటుంది, పోగు లేవదు. ఉంది, లేదు అనే రెండే మాటలతో హంస మొత్తం రాయబడింది. సంస్కృతంలో ‘సూత్రం’ అంటే దారమనీ, నియమమనీ రెండర్థాలు. చిల్లుల అట్టపై దారం నియమంగా మారింది.

బాబేజ్ 1830లలో తలపెట్టిన విశ్లేషణయంత్రానికి ఈ అట్టలనే ఎన్నుకొన్నాడు. 1843లో అడా లవ్‌లేస్ దాని గురించి రాసిన వివరణలలో ఆ యంత్రాన్ని జకార్డు మగ్గంతో పోల్చింది. మగ్గం పూలనూ ఆకులనూ నేసినట్లు యంత్రం బీజగణిత రూపాలను నేస్తుందన్నది ఆమె భావం. 1890 నాటి అమెరికా జనాభా లెక్కలకు హెర్మన్ హాలరిత్ చిల్లుల అట్టలను వాడాడు. రైలు టిక్కెట్లకు గుర్తుగా చిల్లులు పొడిచే పద్ధతి తనకు ఆలోచన ఇచ్చిందని ఆయన చెప్పుకొన్నాడు. ఆయన సంస్థ నుంచే తరువాత ఐబిఎమ్ రూపొందింది. ఇరవయ్యో శతాబ్దిలో చాలాకాలం పాటు అనేక కంప్యూటర్లు అట్టల ద్వారా ఆదేశాలు స్వీకరించాయి. ఈ చరిత్రను వెనక్కి నడిపిస్తే ‘ఆర్కేనమ్’ వంటి కంప్యూటర్ ఆట మగ్గం దగ్గరికి చేరుతుంది. స్టీమ్‌పంక్ రీతికి ప్రాచుర్యం తెచ్చిన నవలకు ఆధారమైన బాబేజ్ యంత్రం కూడా మగ్గం దగ్గరికే చేరుతుంది.

ఇరవయ్యో శతాబ్దిలో జకార్డు పరికరం ధర్మవరం గుంటమగ్గాల పైకి ఎక్కింది. నేలలో తవ్విన గుంటలో కాళ్ళు ఉంచి కూర్చున్న నేతగాడి తలపైన అట్టల గొలుసు తిరుగుతుంది. ఐరోపాలో ఆవిరియుగపు చిహ్నమై ప్రదర్శనశాలకు చేరిన పరికరం ఇక్కడ చెయ్యీ కాలూ ఇచ్చే బలంతోనే కుటుంబపోషణకు నిలబడింది. దాని చుట్టూ ఉన్న జ్ఞానం పురాణం నుంచి విడిపోలేదు. దేవాంగులు తమ వృత్తిని దేవల మహర్షి నుంచి, పద్మశాలీలు భావనఋషి నుంచి చెప్పుకుంటారు. తామరతూడు నారతో దేవతలకు బట్ట నేసిన కథ, చిల్లుల అట్టను తప్పు లేకుండా కుట్టే నేర్పు ఒకే ఇంట్లో తండ్రి నుంచి కొడుక్కు అందాయి.

ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట తోలుబొమ్మలాట కళాకారుల ఊరు. మేకతోలును పలుచగా పదునుచేసి, రంగులద్ది, చిల్లులు పొడిచి, కాలూ చెయ్యీ కీళ్ళతో కూర్చి బొమ్మను తయారుచేస్తారు. తెర వెనుక దీపం వెలిగించగానే ఆ చిల్లులే నగలై, నక్షత్రాలై మెరుస్తాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది. ఒకే మండలంలో చిల్లుల అట్ట పోగును నడిపింది, చిల్లుల తోలు వెలుగును నడిపింది. ఒకటి యంత్రమనీ మరొకటి మాయ అనీ విభజించడానికి ఆ పనివారి దగ్గర కారణం లేదు.

చెయ్యి, మర: అసలు త్రాసు

పై సాక్ష్యాల వల్ల ఈ ప్రాంతంలో యంత్రానికీ మంత్రానికీ మధ్య ఘర్షణ జరగలేదని తెలుస్తుంది. అయినా ఘర్షణ లేకపోలేదు. అది చేమగ్గానికీ మరమగ్గానికీ మధ్య జరిగింది. 1985 నాటి చేనేత రిజర్వేషను చట్టం విద్యుత్తు మగ్గం కాని మగ్గాన్ని చేమగ్గంగా నిర్వచించింది. కొన్ని లక్షణాలు గల చీరలతో సహా 11 రకాల వస్త్రాలు నేడు చేమగ్గాలకే ప్రత్యేకింపబడి ఉన్నాయి. నిర్వచనంలో నేర్పుకు చోటు లేదు, శక్తి ఎక్కడి నుంచి వస్తుందన్నదే గీటురాయి. ఇది కూడా ఒక త్రాసే, ‘ఆర్కేనమ్’ త్రాసును గుర్తుకు తెచ్చే త్రాసు.

చట్టం అమలు బలహీనమైనచోట చేమగ్గం అంచును మరమగ్గం అనుకరిస్తుంది. నేతగాడు నెలల తరబడి రూపొందించిన నమూనా తక్కువ ఖర్చుతో వేలాది చీరలపైకి ఎక్కుతుంది. ధర్మవరం నేతకుటుంబాల అప్పులకూ వలసలకూ గల కారణాలలో ముడిపట్టు ధరల హెచ్చుతగ్గులతో పాటు ఇదీ ఒకటి. ఇక్కడ నేతగాడు పోగొట్టుకొనేది యంత్రానికి దూరమైన అమాయకత్వం కాదు. అతని మగ్గం రెండు శతాబ్దాల యంత్రజ్ఞానాన్ని మోస్తున్నదే. అతను పోగొట్టుకొనేది తన లెక్క మీద తనకున్న హక్కు.

ఈ దృష్టితో చదివితే ‘ఆర్కేనమ్’ కథలోనే దాని త్రాసును మించిన సత్యం కనిపిస్తుంది. గగననౌక కూలిన ప్రమాదంలో బతికిన ఆటగాడికి, మరణిస్తున్న ఒకడు ఉంగరం ఇస్తాడు. దాని జాడ టారంట్ నగరంలోని గిల్బర్ట్ బేట్స్ అనే పారిశ్రామికవేత్త దగ్గరికి చేరుస్తుంది. ఆవిరి యంత్రాన్ని కనిపెట్టినవాడిగా లోకం అతణ్ని కీర్తిస్తుంది. ఆ విద్య నిజానికి అతను చిన్ననాట నల్లకొండ వంశపు పొట్టిజాతివారి దగ్గర చూసి గ్రహించినది. తమ విద్యను మనుషులకు చిక్కనిచ్చినందుకు శిక్షగా ఆ వంశం మాయమైందని కథ సాగుతున్నకొద్దీ తెలుస్తుంది. మంత్రయంత్రాల వైరం ఆటకు నియమమైతే, కథకు మూలం మాత్రం ఎవరి విద్యకు ఎవరు యజమాని అయ్యారన్న ప్రశ్న. నియమం కంటే కథ చరిత్రకు దగ్గరగా ఉంది.

ముగింపు

మంత్రం తొలగి యంత్రం వచ్చిందన్న చరిత్రసూత్రం హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతానికి సరిపడదు. లేపాక్షి స్తంభంలో గణితం అద్భుతంగా పిలువబడింది, పొగబండి తీర్థయాత్రకు దారి అయింది, పెనుకొండ కారు నిమ్మకాయ తొక్కి బయలుదేరింది, ధర్మవరంలో చిల్లుల అట్ట దేవల మహర్షి సంతతి చేతిలో తిరిగింది. ‘యంత్రం’ అన్న మాట ఈ అనుభవాన్నంతా ముందే తనలో దాచుకొంది.

ఈ సహజీవనాన్ని కీర్తించడంతో చర్చ ముగియదు. స్తంభాన్ని అద్భుతమని, చీరను కళాఖండమని, బొమ్మను మాయ అని పిలిచిన ప్రతిచోటా వాటిలోని లెక్క కర్త పేరు లేకుండా పోయింది. కంప్యూటర్ చరిత్రలో ఫ్రాన్సు మగ్గానికి గౌరవస్థానం ఉంది. అదే పరికరాన్ని నేటికీ బతికించుకొంటున్న ధర్మవరం మగ్గానికి ఆ చరిత్రలో ప్రస్తావన లేదు. మంత్రయంత్రాల త్రాసును పక్కనబెట్టి, ఆ మగ్గం మీది లెక్క ఎవరిదని అడగడం తెలుగు ప్రాంతాల యంత్రచరిత్ర రచనకు తొలి మెట్టు కావాలి.